ఖాళీ తొట్టి యెదుట నాలుగు వారములు

చదువవలసిన భాగములు: యెషయా 40:1-11, లూకా 3:1-18, యాకోబు 5:1-9



డిసెంబరు నెల వచ్చినదనగా మన సంఘములలో సందడి మొదలగును. గుడికి సున్నము వేయుదురు. వెదురుబద్దలతో నక్షత్రము కట్టి, రంగుకాగితము అంటించి, ఎత్తైన గడకు వ్రేలాడదీయుదురు. యౌవనస్థులు రాత్రులు ఇంటింటికి పోయి పాటలు పాడుదురు. ఇవన్నియు మంచివే. అయితే మన ఊరిలోనో పొరుగూరిలోనో ఆర్.సి.యం. గుడి యున్నయెడల అక్కడ మరియొక సంగతి కనబడును. మనము పండుగ ఆరంభించిన ఆ దినములలోనే వారి గురువు ఊదారంగు వస్త్రము ధరించును. ఆదివారపు ఆరాధనలో వారు ఎప్పుడును పాడు మహిమ గీతమును ఆపివేయుదురు. ఇంకను సమయము రాలేదు, కనిపెట్టుడని జనులతో చెప్పుదురు. మనము పాడుచుండగా వారు వేచియుండుట యెందుకు? ఈ నెల పాఠములో దీనిని ఆలోచింతము.

ఇతర సంఘమువారి వాడుకలను మనము తెలిసికొనుట యెందుకని కొందరడుగవచ్చును. దీనికి రెండు కారణములున్నవి. పొరుగువారి భక్తిని గూర్చి సరిగా తెలిసికొనక మాటలాడుట, అబద్ధసాక్ష్యము పలుకవద్దను ఆజ్ఞకు విరోధమైన పని. ఇది మొదటి కారణము. వారి యింట నిలిచియున్న ఒక మంచి వాడుకను చూచినప్పుడు మన యింట ఏమి కొదువగా నున్నదో మనకు తెలియును. ఇది రెండవది.

1. ఈ పొరుగువారు ఎవరు?

మన ప్రాంతమునకు సువార్త అనేక ద్వారములగుండ వచ్చెను. 1805లో లండను మిషనరీ సంఘమువారైన జార్జి క్రాను, అగస్టసు డిగ్రాంజి అను ఇద్దరు విశాఖపట్నమునకు వచ్చి తెలుగు నేర్చుకొని, సువార్తలను మన భాషలోనికి తెచ్చు పనికి పూనుకొనిరి. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున కెనడా బాప్తిస్టు మిషనువారు శ్రీకాకుళం, బొబ్బిలి, విజయనగరం మొదలగు చోట్ల నిలిచి సేవచేసిరి. సాలూరు, పార్వతీపురం వైపున జర్మనీ దేశపు బ్రెక్లుం మిషనువారి వలన లూథరను సంఘములు కలిగెను.

కథోలికులును మనకు కొత్తవారు కారు. నేడు ఫ్రాన్సు దేశములోనున్న ఆనెసీ పట్టణములో 1838లో స్థాపింపబడిన ఒక మిషనరీ సభవారు 1846లో విశాఖపట్నము చేరిరి. అక్కడనుండి వారి పని ఉత్తర దిక్కునకు వ్యాపించెను. విశాఖపట్నము 1886లో మేత్రాసనమాయెను, అనగా ఒక బిషప్పుగారి అధికారము క్రిందనున్న ప్రాంతమాయెను. 1993 జూలై 1న దానినుండి శ్రీకాకుళం మేత్రాసనము వేరుచేయబడెను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు దానిలో చేరెను. దాని మొదటి బిషప్పు అడ్డగట్ల చిన్న ఇన్నయ్యగారు.

వారి యేర్పాటు ఇట్లుండును. ఒక గురువు పోషణ క్రిందనున్న సంఘమును 'విచారణ' అందురు. గురువు ముఖ్యగ్రామములో నుండును. చుట్టుపట్ల పల్లెలలో చిన్న చిన్న గుడులుండును. గురువు ప్రతి ఆదివారము ప్రతి పల్లెకు రాలేడు గనుక 'ఉపదేశి' అను గృహస్థుడు జనులను కూర్చి ప్రార్థన నడిపించును. ఒక పాస్టరుగారు నాలుగైదు ఊళ్లు చూచుకొను మన సంఘములకు ఈ కష్టము బాగుగా తెలిసినదే. కాబట్టి పేర్లు వేరైనను పల్లెటూరి విశ్వాసి యొక్క స్థితి ఒక్కటే. బోధకుడు వచ్చువరకు కనిపెట్టుట అతనికి అలవాటైన పని.

2. ఆగమన కాలము

క్రిస్మసుకు ముందు నాలుగు ఆదివారములను కథోలికులు 'ఆగమన కాలము' అందురు. నవంబరు 27కును డిసెంబరు 3కును మధ్య వచ్చు ఆదివారముతో అది ఆరంభమగును. వారి సంఘ సంవత్సరమునకు అదే మొదటి దినము. మనము జనవరిలో క్రొత్త సంవత్సరము ఆరంభింతుము. వారు కనిపెట్టుటతో ఆరంభింతురు.

ఈ వాడుక బహు పురాతనమైనది. 581లో ఇప్పటి ఫ్రాన్సు దేశములోని మాకోను అనుచోట కూడిన సంఘాధ్యక్షులు, నవంబరు 11 మొదలు క్రిస్మసు వరకు వారమునకు మూడు దినములు ఉపవాసముండవలెనని నిర్ణయించిరి. తరువాత ఆ కఠిన నియమము సడలినను, సిద్ధపడు కాలమను భావము నిలిచెను. లూథరనులును ఆంగ్లికనులును సంస్కరణ తరువాత కూడ దీనిని విడువలేదు. కాబట్టి ఇది రోమా సంఘమువారికి మాత్రమే చెందినదని తలంచుట సరికాదు.

1963 డిసెంబరు 4న రెండవ వాటికను మహాసభ ఆరాధనను గూర్చిన తన శాసనమును ప్రకటించిన తరువాత లతీను భాషకు బదులు ప్రజల భాషలో ఆరాధన జరుగుటకు మార్గము ఏర్పడెను. నేడు మన జిల్లాలలోని కథోలికులు పూజను తెలుగులో వినుచున్నారు. మూడు సంవత్సరముల వరుసలో వాక్యభాగములు ఏర్పరచబడినవి. ఆ నాలుగు ఆదివారములలో ఏ సువార్త భాగములు చదువుదురో చూచినయెడల వారు దేనికొరకు కనిపెట్టుచున్నారో మనకు తేటపడును.

3. నాలుగు ఆదివారములు

మొదటి ఆదివారము: మెలకువ. ఆ దినమున బేత్లెహేమును గూర్చి ఒక్క మాటయు చదువరు. మత్తయి 24:37-44, మార్కు 13:33-37, లూకా 21:25-28, 34-36 ఈ మూడింటిలో ఒకటి చదువుదురు. ఇవి ప్రభువు మరల వచ్చుటను గూర్చినవి. మొదట వచ్చినవాడు మరల రానైయున్నాడని చెప్పి, ఆ తరువాతనే మొదటి రాకను ధ్యానింపజేయుదురు.

మన తీరప్రాంతపువారికి మెలకువ యేమో ఒకరు చెప్పనక్కరలేదు. కళింగపట్నం రేవులో తుఫాను గుర్తు ఎగురవేసినప్పుడు జాలరి తన పడవను ఒడ్డున పైకి లాగి కట్టును. గాలి ఇంకను రాలేదని నిద్రపోడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటి ఉద్దానపు కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలకూల్చినప్పుడు, హెచ్చరికను నమ్మి ముందుగా కదలుట యెంత మేలో మనము చూచితిమి. ప్రభువు చెప్పిన గుర్తులును అట్టివే. అవి మనలను భయపెట్టుటకు కాదు, సిద్ధపరచుటకు ఇయ్యబడినవి.

రెండవ ఆదివారము: మార్గము. మత్తయి 3:1-12, మార్కు 1:1-8, లూకా 3:1-6. ఇక్కడ బాప్తిస్మమిచ్చు యోహాను కనబడును. యెషయా చెప్పిన ప్రకారము లోయలు పూడ్చబడవలెను, కొండలు అణచబడవలెను, వంకరవి తిన్నన కావలెను. అధికారులు ఊరికి వచ్చుచున్నారని తెలిసిన దినమున పంచాయతీవారు గోతులు పూడ్చి దారి బాగుచేయుట మనము చూచినదే. రాజులరాజు వచ్చు దారి మన హృదయమే. అందులోని గోతులు మనకు తెలియును, పొరుగువారికి మరి బాగుగా తెలియును.

మూడవ ఆదివారము: ఫలము. మత్తయి 11:2-11, యోహాను 1:6-8, 19-28, లూకా 3:10-18. ఇది సంతోషపు ఆదివారము. ఆ ఒక్క దినమున గురువు ఊదారంగునకు బదులు గులాబిరంగు వస్త్రము ధరింపవచ్చును. సగము దారి దాటితిమి, ప్రభువు సమీపముగా నున్నాడని ఆ రంగు చెప్పును. అయితే లూకా వ్రాసిన భాగము చదువు సంవత్సరములో ఆ సంతోషమునకు జతగా ఒక గట్టి ప్రశ్న వినబడును: మేమేమి చేయవలెను?

ఈ ప్రశ్నకు యోహాను ఇచ్చిన ఉత్తరములను మనము నిదానించి చూడవలెను. అరణ్యములోనికి వచ్చి తనవలె జీవింపుడని అతడు ఎవరితోను చెప్పలేదు. రెండు అంగీలున్నవాడు లేనివానికి ఒకటి ఇయ్యవలెను. సుంకరులు నియమించినదానికంటె ఎక్కువ తీసికొనకూడదు. సైనికులు ఎవరిని బెదరింపక, తమ జీతముతో తృప్తిపొందవలెను. ప్రతివాని మారుమనస్సు అతని చేతిపనిలోనే కనబడవలెనని దీని భావము. వెంటనే యోహాను కళ్లమును గూర్చియు చేటను గూర్చియు, గోధుమలను గూర్చియు పొట్టును గూర్చియు చెప్పెను.

మన జిల్లాలలో ఈ భాగము చదువబడు వేళ యెట్టిది? వరి కోసి కుప్పలు వేసి నూర్చు దినములవి. కళ్లము మన కన్నుల యెదుటనే యున్నది. అప్పుడు యోహాను మన కళ్లమునకు వచ్చి నిలిచినయెడల ఏమి అడుగును? కోతకూలి మాటప్రకారము ఇచ్చితివా? కౌలురైతు భాగము సరిగా కొలిచితివా? ధాన్యము కొనునప్పుడు తూకములో చేయి పెట్టితివా? విధవరాలి గట్టు నీ పొలములోనికి జరిగినదా? కోసినవారి కూలి బిగబట్టబడినప్పుడు ఆ కూలియే మొఱ్ఱపెట్టుననియు, ఆ మొఱ్ఱ దేవుని చెవులకు చేరుననియు యాకోబు వ్రాసెను (యాకోబు 5:4). అదే అధ్యాయములో, తొలకరి వర్షమును కడవరి వర్షమును సమకూడువరకు ఓపికతో కనిపెట్టు సేద్యగానివలె ఉండుడని కూడ అతడు వ్రాసెను (5:7). న్యాయమును ఓపికయు ఒక్కచోటనే చెప్పబడినవని గమనింపుడి. కూలి ఇయ్యక ప్రభువు కొరకు కనిపెట్టుచున్నానని చెప్పువాని కనిపెట్టుట పొట్టువంటిది.

నాల్గవ ఆదివారము: ఇల్లు. మత్తయి 1:18-24, లూకా 1:26-38, లూకా 1:39-45. ఇప్పుడే యోసేపును మరియయు కనబడుదురు. తనకు అర్థముకాని సంగతిలో విధేయుడైన ఒక వడ్రంగి, దూతతో తాను ప్రభువు దాసురాలనని పలికిన ఒక పేదపిల్ల, ముసలితనములో గర్భవతియైన ఎలీసబెతు, వీరి యిండ్లలో దేవుడు తన పని చేసెను. మూడు వారములు లోకాంతమును, మార్గమును, కళ్లమును చూచిన తరువాత మనము ఒక చిన్న యింటి గుమ్మమునొద్దకు వచ్చి నిలుతుము.

4. కొన్ని వాడుకల భావము

డిసెంబరు 17 నుండి 23 వరకు కథోలికుల సాయంకాల ప్రార్థనలో దినమునకొక పేరున ప్రభువును పిలుతురు. జ్ఞానము, ప్రభువు, యెష్షయి వేరు, దావీదు తాళపుచెవి, ఉదయకాంతి, జనముల రాజు, ఇమ్మానుయేలు అనునవి ఆ యేడు పేర్లు. అన్నియు లేఖనములనుండి తీసినవే. తాళపుచెవియను పేరున పిలుచు దినమున, చెరసాలలో చీకటియందు కూర్చున్నవారిని విడిపింపుమని వేడుకొందురు.

ఈ ప్రార్థన మన ప్రాంతమువారికి దూరమైనది కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలరులు అనేకులు వేటకొరకు గుజరాతు తీరమునకు వలసపోవుదురు. 2018 నవంబరులో అట్లు పోయినవారిలో కొందరిని పాకిస్తానువారు సముద్రములో పట్టుకొని చెరలో నుంచిరి. 2020 జనవరిలో వారు విడుదలై వచ్చిరి. ఆ నడుమ రెండు డిసెంబరు నెలలు గడచెను. వారి తల్లులును భార్యలును ఏ మతస్థులైనను, కనిపెట్టుట యనగా ఏమో మనలో అనేకులకంటె వారికి బాగుగా తెలియును. తలుపు చప్పుడైన ప్రతిసారి లేచి చూచువాడే కనిపెట్టువాడు. మనము ప్రభువు కొరకు అట్లు చూచుచున్నామా?

పచ్చని ఆకులతో చుట్టిన వలయములో నాలుగు కొవ్వొత్తులుంచి, ఆదివారమునకొకటి చొప్పున వెలిగించుట ఇప్పుడు అనేక కథోలిక గుడులలో చూడగలము. ఇది రోమా సంఘపు ఆచారమని మనవారిలో కొందరు అనుకొందురు. నిజమునకు దీనిని 1839లో హాంబర్గు పట్టణమున యోహాను హిన్‌రిఖ్ వీఖెర్న్ అను లూథరను బోధకుడు ఆరంభించెను. తాను పోషించుచున్న బీదపిల్లలు క్రిస్మసు ఎప్పుడని మాటిమాటికి అడుగుచుండగా, ఆయన ఒక పాత బండిచక్రముపై కొవ్వొత్తులు నిలిపి దినమునకొకటి వెలిగించి చూపెను. మన వైపునుండి పోయిన దీపమును పొరుగువారు ఆరనీయక నిలుపుకొనిరి.

ఇక పశువుల పాక సంగతి. 1223లో ఇటలీలోని గ్రెచ్చియో అను ఊరియొద్ద అస్సీసీ ఫ్రాన్సిసు పశువుల తొట్టిని, ఎద్దును, గాడిదను తెప్పించి, ప్రభువు ఎంత దీనుడై పుట్టెనో జనుల కన్నులకు కట్టినట్లు చూపెను. నేడు కథోలికుల గుడులలో క్రిస్మసుకు ముందే ఎండుగడ్డితో పాక వేసి, గొల్లలను గొఱ్ఱెలను నిలుపుదురు. అయితే అనేకచోట్ల తొట్టిని మాత్రము ఖాళీగా విడుతురు. క్రిస్మసు రాత్రి ఆరాధన వరకు శిశువు బొమ్మను అందులో పెట్టరు. పిల్లలు దినదినము వచ్చి తొంగిచూచి, ఇంకను రాలేదని చెప్పుకొందురు.

మనము బొమ్మలను ఉంచుకొనుట లేదు. ఉంచుకొనవలెనని ఈ పాఠము చెప్పుటయు లేదు. అయితే ఆ ఖాళీ తొట్టి చెప్పు మాట వాక్యానుసారమైనదే. సిమెయోను ఇశ్రాయేలు ఆదరణ కొరకు కనిపెట్టెను. అన్న దేవాలయము విడువక ఉపవాస ప్రార్థనలతో కనిపెట్టెను (లూకా 2:25-38). శిశువును చేతులలో ఎత్తుకొన్నవారు ముందుగా ఖాళీ చేతులతో కనిపెట్టినవారే.

5. మనము ఎక్కడ వేరుగా నిలుతుము?

ప్రేమ నిమిత్తము సత్యమును దాచకూడదు. ఈ కాలములో కథోలికులు గురువు నొద్దకు పోయి పాపసంకీర్తనము చేయుదురు, అనగా తమ పాపములను ఆయన యెదుట ఒప్పుకొని ఆయన నోట క్షమాపణ వాక్యము విందురు. దేవునికిని నరులకును మధ్యవర్తి క్రీస్తు ఒక్కడేయనియు (1 తిమోతి 2:5), మన పాపములను ఒప్పుకొన్నయెడల ఆయన నమ్మదగినవాడై క్షమించుననియు (1 యోహాను 1:9) మనము నమ్ముచున్నాము. అయితే ఒకనితో ఒకడు పాపములు ఒప్పుకొనుడని యాకోబు చెప్పినది కూడ మన బైబిలులోనే యున్నది (5:16). గురువు నొద్దకు పోనక్కరలేదని చెప్పి ఎవరియొద్దకును పోకుండుట, దేవునియొద్దకును పోకుండుట, సంస్కరణ కాదు. అది సోమరితనము.

డిసెంబరు 8న వారు మరియమ్మను గూర్చిన ఒక పండుగ చేయుదురు. అది ప్రభువు కన్యక గర్భమున పడుటను గూర్చినదని మనవారు పొరపడుదురు. మరియమ్మయే తన తల్లి గర్భమున పడినప్పటినుండి జన్మపాపము లేనిదై యుండెనని 1854లో తొమ్మిదవ పయసు పోపుగారు ప్రకటించిన సిద్ధాంతమును గూర్చినది ఆ పండుగ. దీనికి లేఖనాధారము మనకు కనబడదు గనుక మనము అంగీకరింపము. అయినను తరములన్నియు తన్ను ధన్యురాలనునని ఆమె చెప్పిన సంగతి లూకా వ్రాసెను (1:48). ఆమె విశ్వాసమును మన స్త్రీల కూటములలో ఎంత తరచుగా బోధించుచున్నాము?

6. మన క్రిస్మసు మాటేమి?

ఇప్పుడు మన యింటివైపు తిరుగుదము. నేడు మన సంఘములలో 'సెమీ క్రిస్మసు' అను కూటములు డిసెంబరు మొదటి వారమునుండియే జరుగుచున్నవి. పలుమారులు కేకు కోయుదురు, పలుమారులు విందు చేయుదురు. ఇరువది ఐదవ తేదీ వచ్చునప్పటికి పాడినవారి గొంతు పోయియుండును, విన్నవారి మనస్సు అలసియుండును. పొరుగువారిని పిలిచి సువార్త చెప్పుటకు ఈ కూటములు మంచి సాధనములే. అయితే ఆకలి లేనివానికి విందు రుచింపదు. కనిపెట్టనివానికి రాకడ ఆనందమియ్యదు.

ఇంకొక సంగతి బరువైనది. పండుగకు క్రొత్తబట్టలు లేనియెడల పిల్లలు చిన్నబుచ్చుకొందురని తండ్రి వడ్డీకి అప్పు చేయును. జనవరిలో పండుగ గుర్తుండదు, అప్పు గుర్తుండును. పుట్టినప్పుడు పొత్తిగుడ్డలతో చుట్టబడిన ప్రభువు పేర మన బీదలు అప్పులపాలగుట ఆయనకు ఇష్టమా? రెండు అంగీలను గూర్చిన మాట ఇక్కడ మరల జ్ఞాపకము చేసికొందము. కలిగినవారు క్రొత్తబట్టల కొరకు వేయు ఖర్చులో ఒక భాగము లేనివారి పిల్లలకు మరుగుగా ఇచ్చినయెడల, సంఘములో అప్పుచేసి పండుగ చేయువాడు ఉండడు.

మూడవది పగలు. కోర్టు వ్యాజ్యములో నున్న అన్నదమ్ములు, సంఘపు ఎన్నికలలో మాటలు నిలిచిపోయిన పెద్దలు, వేరుకాపురపు తగవులో తూలనాడుకొన్న అత్తాకోడండ్రు ఒకే బల్లమీద కూర్చుండి ఒకే కీర్తన పాడుదురు. భూమిమీద సమాధానమని దూతలు చెప్పినదానిని అందరును నోటితో పాడుదురు. అర్పణము తెచ్చువాడు మొదట పోయి సహోదరునితో సమాధానపడవలెనని ప్రభువే ఆజ్ఞాపించెను గదా (మత్తయి 5:23-24). నాలుగు వారములు చాలని తగవు మన ఊళ్లలో ఎన్ని యున్నవి?

కాబట్టి ఈ సంవత్సరము మన సంఘములు ఇట్లు చేయవచ్చునని ప్రేమతో సూచించుచున్నాము. మొదటి వారము కుటుంబ ప్రార్థనలో ప్రభువు రాకడ భాగములు చదువుడి. దూరదేశములలో పనికి పోయిన పిల్లలను పేరుపేరున జ్ఞాపకము చేసికొనుడి. రెండవ వారము ఎవరితో మాటలు నిలిచినవో వారి గుమ్మము తొక్కుడి. మూడవ వారము కూలి బాకీలును చేబదుళ్లును తీర్చుడి. నాల్గవ వారము ఒంటరిగా నున్న వృద్ధులను, రోగులను చూచి, పండుగదినమున వారు ఎవరి యింట భోజనము చేయుదురో ముందుగా నిర్ణయింపుడి. ఇందులో ఖర్చుతో కూడినది ఏదియు లేదు. చేయుటకు అన్నింటికంటె కష్టమైనది రెండవది.

ఆ దినములలో కథోలిక పొరుగువారు మీ వీధిలో కనబడినయెడల పండుగ ఎప్పుడని ఎగతాళిగా అడుగకుడి. మేమును కనిపెట్టుచున్నామని చెప్పుడి. వారు కనిపెట్టుచున్నవాడును మనము కనిపెట్టుచున్నవాడును ఒక్కడే. ఆయన వచ్చు దినమున మన గుడుల పేర్లు అడుగడు. మనము మెలకువగా నుంటిమా లేదా అనునదే చూచును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మొదటి ఆదివారమున బేత్లెహేమును గూర్చి కాక ప్రభువు రెండవ రాకను గూర్చి చదువుటవలన మనకు కలుగు మేలేమి?
2. యోహాను మూడు తెగలవారికి వేరు వేరు ఉత్తరములిచ్చెను. రైతుకు, కూలివానికి, దుకాణదారునికి, ఉపాధ్యాయునికి అతడు నేడు ఏమి చెప్పును?
3. మన సంఘములో పండుగకు అప్పుచేయు కుటుంబములున్నవా? వారిని ఎట్లు తప్పింపగలము?
4. కథోలిక బంధువులతోను పొరుగువారితోను మాటలాడునప్పుడు సత్యమును ప్రేమను ఎట్లు కలిపి నిలుపగలము?

ప్రార్థన

వచ్చినవాడవును రానున్నవాడవునైన ప్రభువా, మా సందడిలో నీ అడుగుల చప్పుడు వినబడకపోకుండునట్లు మమ్మును మెలకువగా నుంచుము. మా కళ్లములో న్యాయమును, మా యింట సమాధానమును, మా చేతులలో ఇచ్చు గుణమును కలుగజేయుము. మా పొరుగువారితో కూడ నీ కొరకు కనిపెట్టు కృప దయచేయుము. ఆమేన్.